పల్లె ఫిడేలు నుండి సింఫనీ వరకు: కార్ల్ నీల్సన్

గొప్ప కళాకారుడు గొప్ప ఇంటనే పుట్టాలన్న నియమం లేదు. డెన్మార్కు దేశ సంగీతానికి ప్రపంచఖ్యాతి నార్జించిపెట్టిన కార్ల్ నీల్సన్ జీవితమే ఇందుకు నిదర్శనం.

ఆయన 1865 జూన్ 9వ తేదీన ఫ్యూన్ ద్వీపంలో, నోరె లిండెల్స గ్రామ సమీపాన, ఒక పేద ఇంట జన్మించాడు. పన్నెండుమంది సంతానంలో ఏడవవాడు. తండ్రి ఇండ్లకు రంగులు వేస్తూ, పెండ్లిండ్లలో ఫిడేలు వాయిస్తూ కుటుంబాన్ని పోషించేవాడు. తల్లి పాడే పాటలు, తండ్రి ఫిడేలు, ఇవే ఆ బాలునికి తొలి పాఠశాల. పద్నాలుగవ ఏట ఓడెన్సే నగరంలోని సైనిక వాద్యబృందంలో చేరి బాకా ఊదాడు. పిదప దాతల సహాయంతో 1884 నుండి 1886 వరకు కోపెన్‌హాగన్ సంగీత విద్యాలయంలో చదివాడు.

1889లో రాజాస్థాన వాద్యబృందంలో రెండవ వయొలిన్ల వరుసలో ఉద్యోగం లభించింది. పదహారేండ్లు ఆ కొలువులోనే గడిపాడు. 1894లో ఆయన తొలి సింఫనీ ప్రదర్శింపబడిన రాత్రి కూడ ఆయన ఆ వరుసలోనే కూర్చుండి వాయించాడు. సభ కరతాళధ్వనులు చేయగా, స్వరకర్త తన సామాన్యపు ఆసనం నుండే లేచి నమస్కరించవలసి వచ్చింది.

ఆయన శైలిలోని విశిష్టత గమనింపదగినది. మన సంగీతంలో ఆధారశ్రుతి మొదటినుండి తుదివరకు మారదు. పాశ్చాత్య సింఫనీ సైతం సాధారణంగా బయలుదేరిన శ్రుతికే తిరిగి చేరుతుంది. నీల్సన్ రచనలు పెక్కు ఒక శ్రుతిలో ఆరంభమై, పోరాడి, వేరొక శ్రుతిలో గమ్యం చేరుకుంటాయి.

మొదటి ప్రపంచయుద్ధం ఐరోపాను దహిస్తున్న వేళ, ఆయన సంసారం కూడ చెదిరింది. ప్రఖ్యాత శిల్పియైన భార్య ఆన్ మరీ, ఆయన తప్పిదాలు సహింపలేక దూరమైంది. ఆ దినాలలోనే, 1916లో, నాలుగవ సింఫనీ పూర్తియైంది. జీవశక్తి ఆరిపోనిదని చాటే పేరును దానికి పెట్టాడు. చివరి భాగంలో రెండు జతల నగారాలు ఎదురెదురుగా తలపడగా, వాటిని దాటి రాగం విజయం పొందుతుంది. 1922 నాటి అయిదవ సింఫనీలో ఒక చిన్న డోలు వాద్యబృందమంతటినీ అడ్డగింప యత్నించి, తుదకు ఓడిపోతుంది. ఆ సంవత్సరమే దంపతులు తిరిగి ఒకటయ్యారు.

ఇంతటి రచనలు చేసిన చేతితోనే సామాన్య జనులు పాడుకొనే పాటలకు ఆయన సులభమైన బాణీలు కట్టాడు. 1927లో తన పల్లె బాల్యాన్ని గ్రంథస్థం చేశాడు. 1931 అక్టోబరు 3వ తేదీన కోపెన్‌హాగన్‌లో కన్నుమూశాడు.

సింఫనీ ఎన్నడూ వినని డేనిష్ పిల్లలు సైతం ఆయన పాటలు పాడుతూ పెరిగారు. తన్ను పెంచిన పల్లె ఋణాన్ని ఆ స్వరకర్త ఈ విధంగా తీర్చుకున్నాడు.