దేహమే ప్రయోగశాల: జె. బి. ఎస్. హాల్డేన్

ముత్యములకై మునుగువారిని మన మనాదిగా ఎరుగుదుము. కాని నీటి అడుగున మనుష్యుని బుద్ధియు బలమును ఎంతవరకు పనిచేయునో తన దేహముతోనే కొలిచి చూచినవారు అరుదు. హాల్డేన్ అట్టివాడు.

ఆయన 1892లో ఆక్స్‌ఫర్డునందు జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శరీరధర్మశాస్త్రవేత్త. లోతునుండి ఒక్కుమ్మడిగా పైకి వచ్చినచో, రక్తమున కరిగిన నత్రజని బుడగలై ప్రాణము తీయును. కావున అంచెలంచెలుగా ఎట్లు రావలయునో ఆయన మేకలపై పరీక్షించి, 1908లో పట్టికలు ప్రకటించెను. 1906లో స్కాట్లండు తీరమున, 13 ఏండ్ల కుమారునికి సైతము మునుక దుస్తులు తొడిగి సముద్రమున దింపెను! దుస్తులు వదులై నీరు లోనికి చొరబడెను.

1939 జూన్ 1న లివర్‌పూల్ అఖాతమున థెటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిరి. కార్మిక సంఘములు కోరగా హాల్డేన్ పరిశోధనకు పూనుకొనెను. తనకేమగుచున్నదో మేక చెప్పలేదు గదా! తానే ఉక్కుగదిలో కూర్చుండి చెడుగాలి పీల్చెను. పిమ్మట నౌకాదళమునకై, 90 మీటర్ల లోతునకు సమమైన 10 వాతావరణముల పీడనమున, అంకగణితమును చేతినేర్పును పరీక్షించెను. నత్రజని మత్తెక్కించి బుద్ధిమంతులనే తడబరచెను. అధిక పీడనమున ప్రాణవాయువే విషమై మూర్ఛలు తెచ్చెను. అట్టి మూర్ఛలో ఆయన వెన్నుపూసలు నలిగెను. హెలెన్ స్పర్వేయు ఈ యాతనలలో పాలుపంచుకొనెను. తరువాత ఆమె ఆయన భార్య అయ్యెను.

1957లో భారతదేశమునకు వచ్చి, 1961లో ఇచటి పౌరుడయ్యెను. 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున మరణించెను. ఆయన కోరినట్లే, విద్యార్థుల అధ్యయనమునకై ఆ దేహమును కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపిరి.