కాలిబంతి గురువు రహీం సాహెబు

విద్య గ్రంథములయందే కాదు, మైదానమునందును గలదని చాటిన యుపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు. ఆయన 1909వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించిరి. వృత్తిచే బడిపంతులు. పిల్లలకు పాఠములతోపాటు వ్యాయామమును గూడ నేర్పిరి.

ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు జట్టు, బొంబాయిలో జరుగుచుండిన రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు మారులు గెలిచెను. బంతిని ఒక్కడే కాలియందు నిలుపుకొని తిరుగుట ఆయనకు సమ్మతము గాదు. అందుచే డ్రిబ్లింగు నిషేధించిన పోటీలను, బలహీనమైన కాలితోనే గోలునకు కొట్టవలసిన పోటీలను యేర్పరచి, బంతిని తోడివానికి త్వరగా నందించుట నేర్పిరి.

1950లో భారత జట్టునకు శిక్షకులైరి. మరుసటి యేడు ఢిల్లీలో జరిగిన ప్రథమ ఆసియా క్రీడలలో మన జట్టు ఇరానును 1-0 గోళ్లతో గెలిచి స్వర్ణపతకము పొందెను. కాని 1952లో హెల్సింకి ఒలింపిక్సునందు యుగోస్లావియా చేతిలో 10-1 గోళ్లతో ఘోరపరాజయము సంభవించెను. నాడు మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడిరి. పిదప బూట్లు తప్పనిసరి యయ్యెను. రహీం సాహెబు క్రుంగిపోక ఆటతీరునే మార్చిరి. తత్ఫలితముగా 1956లో మెల్బోర్నునందు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, మన జట్టు నాలుగవ స్థానము నందెను. 1960లో రోమునందు ఫ్రాన్సుతో సమముగా నిలిచెను.

1962లో జకార్తాకు వెళ్లునాటికి కాన్సరు వ్యాధి ఆయన దేహమును క్షీణింపజేయుచుండెను. మొదటి యాటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించెను. ఇజ్రాయెలు, తైవాను క్రీడాకారులకు ప్రవేశము లేకుండుటను భారత ప్రతినిధి యొకరు ఆక్షేపించినందున, అచ్చటి ప్రేక్షకులు మన జట్టుపై ఆగ్రహించి యుండిరి. రక్షణస్థానమున ఆడు జర్నైల్ సింగు తలకు గాయమయ్యెను. రహీం సాహెబు అతనిని వెనుకనుండి తప్పించి ముందువరుసలో నిలిపిరి. సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీలో మరల ఆ కొరియాయే యెదురయ్యెను. పి.కె. బెనర్జీ యొక గోలు, గాయపడిన జర్నైల్ సింగు మరియొక గోలు చేయగా, 2-1తో స్వర్ణపతకము మనకు దక్కెను.

తొమ్మిది మాసములు గడచిన పిమ్మట, 1963 జూన్ 11వ తేదీన, రహీం సాహెబు పరమపదించిరి. అప్పటికాయన వయస్సు 53 యేండ్లు. ఆనాటినుండి ఆసియా క్రీడల ఫుట్‌బాలునందు భారతదేశమునకు మరల స్వర్ణము లభింపలేదు. ఓటమిని గురువుగా నెంచి, దానినుండి పాఠము గ్రహించిన యీ బడిపంతులి జీవితము, చదువరులైన మన యువకులకు నిత్యస్మరణీయము.