వోల్ఫ్‌గాంగ్ పౌలీ

బల్లపై చేయి పెట్టి యెంత నొక్కినను చేయి బల్లలోనికి చొరదు. ఒక ఇటుక యున్న చోటనే మరియొక ఇటుకను పెట్టలేము. ఇది పసిబిడ్డలకు సైతము తెలిసిన సంగతియే. కాని 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణు స్వరూపమును వెల్లడించిన పిదప ఇదియే చిక్కుప్రశ్న యయ్యెను. పరమాణువు నడుమ మిక్కిలి చిన్నదగు కేంద్రకము కలదు. దాని చుట్టును ఎలక్ట్రానులు కలవు. తక్కినదంతయు శూన్యమువలె తోచెను. అట్టి బల్ల మన చేతి నేల అడ్డగించును? దీనికి ముఖ్యకారణమైన నియమమును కనుగొనిన మహామేధావి పౌలీ.

ఆయన 1900 ఏప్రిల్ 25న ఆస్ట్రియా దేశమున వియన్నా నగరమందు జన్మించెను. చిన్ననాటనే గణితమున అసాధారణ ప్రజ్ఞ కనబరచెను. మ్యూనిక్ నగరమున సోమర్‌ఫెల్డునకు శిష్యుడై 1921లో డాక్టరు పట్టము నందెను. ఆ యేడే సాపేక్ష సిద్ధాంతముపై ఆయన ప్రకటించిన గ్రంథమును ఐన్‌స్టైన్ సైతము మెచ్చుకొనెను.

పరమాణువులోని ఎలక్ట్రానులన్నియు అన్నింటికంటె తక్కువ శక్తిగల స్థితికే యేల దిగిపోవు? ఈ ప్రశ్న నాటి శాస్త్రజ్ఞులను వేధించుచుండెను. హాంబర్గు విశ్వవిద్యాలయమున నున్న పౌలీ 1925లో సమాధానము ప్రకటించెను. ఒక పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రానులును ఒకే స్థితిలో నుండజాలవు. సత్రములో మంచమున కొకరే పరుండవలెనను కట్టడి యున్నచో, క్రింది అంతస్తు నిండిన పిదప వచ్చినవారు మేడ యెక్కక తప్పదు గదా! ఎలక్ట్రానుల తీరును అట్టిదే. రెండు వస్తువులను ఒకే చోట చొప్పింప యత్నించినచో, వాని ఎలక్ట్రానులు అధికశక్తి గల స్థితులకు పోవలసివచ్చును. అంతటి శక్తిని మన చేతిబలము ఇయ్యజాలదు. కావుననే చేయి బల్లపై ఆగిపోవును.

పౌలీ కఠిన విమర్శకుడు. 1925 ఆరంభమున క్రోనిగ్ అను యువకుడు, ఎలక్ట్రాను తన చుట్టు తాను తిరుగుచుండునని యూహించి ఆయనకు విన్నవించెను. పౌలీ దానిని త్రోసిపుచ్చెను. యువకుడు నిరుత్సాహుడై ఆ యూహను ప్రకటింపక మానెను. ఆ యేడే ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిత్ అనువారు ఆ భావమునే ప్రకటించి కీర్తి గాంచిరి. మరుసటి యేట పౌలీ తన పొరపాటును గ్రహించి ఒప్పుకొనెను. అంతటితో ఆగక, 1927లో తాను త్రోసిపుచ్చిన ఆ భావమునకే చక్కని గణితరూపము నొసగెను.

ఆయన తనయెడ సైతము అంత కఠినుడే. తన నియమము నిజమని లోకమంతయు అంగీకరించినను, దానికి తగిన హేతువును చూపలేకపోతినను అసంతృప్తి ఆయనను వీడలేదు. యుద్ధకాలమున 1940లో స్విట్జర్లాండును విడిచి అమెరికా చేరెను. 1945లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. పిమ్మట జూరిక్ నగరమునకు మరలివచ్చి, 1958 డిసెంబరు 15న అచ్చటనే కన్నుమూసెను.

ఘనపదార్థము కూలిపోక నిలుచుటకు ఈ నియమమే ఆధారమని 1967లో డైసన్, లెనార్డ్ అనువారు గణితముచే నిరూపించిరి. అది చూచుటకు పౌలీ లేడు. తప్పును తప్పని యొప్పుకొని సరిదిద్దుకొనుటయు, తెలియనిదానిని తెలిసినట్లు నటింపకుండుటయు ఆయన జీవితమునుండి మనము నేర్వదగిన గుణములు.