ఆచారి, చిత్రకారుడు: దామెర్ల జీవితం వేసే ప్రశ్న

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డలో నల్లరాతిని దేవతామూర్తిగా మలిచే మనిషిని మనం ఆచారి అంటాం. నూరేళ్ల కిందట రాజమహేంద్రవరంలో రంగులతో బొమ్మ గీసిన మనిషిని చిత్రకారుడు అన్నాం. మొదటి పిలుపులో కులం వినిపిస్తుంది, రెండవ దానిలో వ్యక్తి కనిపిస్తాడు. ఈ తేడా ప్రతిభలోనిదా, అవకాశాలలోనిదా? దామెర్ల రామారావు జీవితం ఈ ప్రశ్నకు కొంత సమాధానం చెబుతుంది.

రామారావు 1897లో రాజమహేంద్రవరంలో జన్మించాడు. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ బాలుని గీతలోని శక్తిని గుర్తించాడు. ఆయన ప్రోత్సాహంతోనే 1916లో రామారావు బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లాడు. 1920లో అక్కడ ప్రథముడిగా నిలిచి చదువు ముగించాడు. పాశ్చాత్య పద్ధతిలో శరీర నిర్మాణాన్ని, వెలుగునీడలను అభ్యసించాడు. అజంతా గోడలపై గీతల లయను అధ్యయనం చేశాడు. నీటి రంగులనూ తైలవర్ణాలనూ సమాన నేర్పుతో వాడాడు. ఆనాడు వంగదేశపు చిత్రరీతి దేశమంతటా అనుకరణకు పాత్రమవుతుండగా, ఆయన ఈ రెండు విద్యలనూ కలిపి తనదైన తెలుగు రీతిని నిర్మించుకున్నాడు. ఋష్యశృంగ బంధనం చిత్రానికి 1922లో కలకత్తాలో వైస్రాయి బహుమతి లభించింది. పుష్పాలంకారం, సిద్ధార్థ రాగోదయం ఆయన కీర్తిని నిలిపాయి.

గెలిచినవాడు తన గెలుపుతో తృప్తిపడలేదు. 1923లో రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల నెలకొల్పి తాను నేర్చినది ఇతరులకు నేర్పాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి ఆయనను బలిగొంది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ శాలను నిలబెట్టాడు. నేడు దామెర్ల పేరిట ఉన్న చిత్రశాలలో ఆయన చిత్రాలు భద్రంగా ఉన్నాయి.

ఆయన ప్రతిభను తక్కువ చేయనక్కరలేదు. కాని ఆ ప్రతిభ వెనుక ఒక కళాశాల, గుర్తించిన గురువు, దూరనగరంలో నాలుగేళ్ల చదువు, ప్రదర్శనశాలలు, పత్రికలు ఉన్నాయి. ఇవి ఏ కులాల ఇళ్లకు అందుబాటులో ఉండేవి?

చరిత్రలో ఒక వింత ఉంది. 1850లో మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ నెలకొల్పిన కళాపాఠశాల, 1857లో ఆరంభమైన జె.జె. పాఠశాల మొదట చేతిపనివారి నైపుణ్యాన్ని పెంచే ఉద్దేశంతో పుట్టాయి. కాలక్రమాన చిత్రకళ పేరుప్రతిష్ఠలు తెచ్చే విద్య అయింది. ఆంగ్లవిద్య అందిన కుటుంబాలవారు అందులో ముందుకు వచ్చారు. తరతరాలుగా రాయి, కర్ర, లోహం, రంగు ఎరిగిన కులాలకు మాత్రం వృత్తిపని అనే ముద్ర మిగిలింది. ఒకరి పని కళ అయింది, మరొకరి కళ పని అయింది. చెరియాల పటం గీసిన నకాషీలకూ, కలంకారీ అద్దినవారికీ, గుడి స్తంభం చెక్కిన శిల్పికీ ఈ విభజనే వర్తించింది. వారిలో ఎందరి పేర్లు మన పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి?

ఆళ్లగడ్డ శిల్పాలకు నేడు భౌగోళిక గుర్తింపు ఉంది. అది సంతోషించదగినదే. అయితే ఆ గుర్తింపు ఊరికీ, వస్తువుకూ చెందినది. విగ్రహాన్ని ప్రతిష్ఠించిన దాత పేరు శిలాఫలకం మీద ఉంటుంది. చెక్కిన చేయి పేరు సాధారణంగా ఉండదు. ఉలి పట్టిన ఇంటి పిల్లకు శిల్పచరిత్ర, రేఖాశాస్త్రం, ఆధునిక మాధ్యమాలు నేర్పే కళాశాల, చెక్కిన దానిపై సంతకం చేసే హక్కు, దేవతామూర్తి కాక తన ఊహను చెక్కుకునే స్వేచ్ఛ కావాలి. అదే సమయంలో ఆ వృత్తిలో పుట్టని దళిత, బహుజన విద్యార్థికీ ఆ శాల తలుపు తెరచి ఉండాలి. కులం నుంచి విద్యను విడదీయడమంటే రెండు వైపులా తలుపు తీయడమే.

ఆచారి అనే మాటకు మూలం ఆచార్యుడు, అంటే గురువు. గురువని పిలిచి బడి ఇవ్వని సమాజం మనది. రామారావు రెండేళ్లలో ఒక శాలను నిలిపి వెళ్లాడు. నూరేళ్ల తరువాత ప్రభుత్వం ఆళ్లగడ్డకు ఆ మాత్రం చేయలేదా?