దుస్తులలో చరిత్రను వెదకిన చిత్రకారుడు

యుద్ధము ముగిసిన పిదప రాజుల పేరులు, సేనానుల పేరులు, పట్టువడిన ఫిరంగుల లెక్కలు గ్రంథములకెక్కును. పోరిన సామాన్యభటుడు ఎట్టి అంగీ తొడిగికొని నేలకొరిగెనో, ఆ అంగీ గుండీలపై ఏ గుర్తు ఉండెనో వ్రాసిపెట్టువారు అరుదు. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమునందు ఈ పనికి పూనుకొన్నవారిలో ముఖ్యుడు చరిత్రకారుడు కాడు, చిత్రకారుడు. ఆయన పేరు ఎదువార్ దెతాయ్.

దెతాయ్ 1848వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తాత నెపోలియన్ సేనలకు సామగ్రి సమకూర్చినవాడగుటచే ఆ ఇంట సైన్యమును గూర్చిన ముచ్చటలకు కొదువ లేకుండెను. పదునేడవయేట ఆయన నాటి మేటి చిత్రకారుడగు మెయిసోనియే కడ శిష్యుడుగా చేరెను. ఆ గురువు మిక్కిలి చాదస్తుడు. నెపోలియన్ ధరించిన బూడిదరంగు కోటును చిత్రింపవలసి వచ్చినపుడు, అసలు కోటును చూచి దానివంటి దానినే కుట్టించుకొనిగాని కుంచె పట్టలేదు. శిష్యునకు రంగులు కలుపుటకంటె ముందు అబ్బిన విద్య ఈ చాదస్తమే కావచ్చును. 1867లో దెతాయ్ తొలిసారి ప్రదర్శనమున కుంచిన చిత్రము గురువుగారి చిత్రశాలలోని ఒక మూల.

1870లో ప్రష్యాతో యుద్ధము వచ్చెను. దెతాయ్ సంచార జాతీయరక్షకదళమున చేరెను. ఈ దళము 1868 నాటి చట్టముచే ఏర్పడినది. నిత్యసైన్యములోనికి తీసికొనబడని యువకులను దేశరక్షణకై నిలిపియుంచుట దాని యుద్దేశము. శిక్షణము చాలదు, సామగ్రి చాలదు. పారిస్ ముట్టడి దినములలో మార్న్ నదీతీరమున జరిగిన పోరాటములను, మంచులో బిగిసిపోయిన శవములను ఆయన దగ్గరనుండి చూచెను. అంతవరకు ఆయన సైనికులు కవాతులోనివారు. అటుపిమ్మట బురద అంటినవారు. 1872లో ప్రష్యను భటులు దోపిడిసొమ్ము మోసికొనిపోవుచున్నట్లు వేసిన చిత్రమును, గెలిచిన దేశమునకు కోపము వచ్చునను భయముచే ప్రభుత్వము ప్రదర్శనమునుండి తప్పించెను. 1874లో మోర్స్‌బ్రాన్ గ్రామపు వీధిలో చిక్కువడి కూలిన కవచధారులైన ఆశ్వికులను చిత్రించి ఆయన పేరు గడించెను. మిత్రుడగు ఆల్ఫోన్స్ ద నువిల్‌తో కలసి షాంపిన్యీ, రెజోన్విల్ యుద్ధములను గుండ్రని గోడచుట్టును బ్రహ్మాండమైన చిత్రములుగా నిర్మించెను. జనులు విరగబడి చూచిరి. మోజు తీరిన పిదప ఆ చిత్రములు ముక్కలుగా కోయబడి అమ్ముడుపోయెను.

చిత్రములతోపాటు దెతాయ్ మరియొక సంపదను కూడబెట్టుచుండెను. అవి పాత సైనికవేషములు. అంగీలు, టోపీలు, కత్తులు, పట్టీలు, డోళ్లు, తుదకు చినిగిన చేతిజోళ్లు కూడ ఆయన చిత్రశాలకు చేరెను. పాతబట్ట దొరకుట ఒక యెత్తు, అది ఎవరిదో తేల్చుట వేరొక యెత్తు. ఇచ్చటనే ఆయన నేర్పు కానవచ్చును.

నెపోలియన్ కాలపు పదాతి అంగీ చేతికి వచ్చినదనుకొందము. మొదట చూడవలసినది గుండీ. సామాన్యపటాలముల గుండీపై పటాలపు సంఖ్య ఉండును. చక్రవర్తి అంగరక్షకదళపు గుండీపై సంఖ్యకు మారుగా కిరీటము దాల్చిన గ్రద్ద ఉండును. తరువాత భుజకీర్తులు: ఎఱ్ఱనివైనచో గ్రెనడియరు, ఆకుపచ్చయు పసుపును కలసినచో వోల్టిజియరు. వెనుకకు మడచిన అంచులపై కుట్టిన చిహ్నము మూడవ సాక్షి. మండుచున్న గుండు ఒకరిది, వేటకొమ్ము మరియొకరిది. టోపీమీది ఇత్తడిరేకు కాలమును చెప్పును. 1806 నాటి రేకు మూలలపై నిలిపిన చతురస్రమువలె ఉండును. 1812 నాటిది పటాలసంఖ్య గల పీఠముపై వాలిన గ్రద్ద. ఇవి అన్నియు ఒక్క మాట పలికిననే వస్త్రము నమ్మదగినది. అంగీ ఒకరిది, గుండీలు మరియొకరివి అయినచో నడుమ ఏ దర్జీయో, ఏ నాటకసమాజమో చేయి చేసికొన్నదని గ్రహింపవలెను. 1814లో పూర్వరాజవంశము తిరిగి వచ్చినపుడు గ్రద్దలను తీసివేయించి కలువపూవులు పెట్టించిరి. మరుసటియేట నెపోలియన్ మరలి రాగా గ్రద్దలు మరల వెలువడెను. ఒక్క సంవత్సరములో రెండుసార్లు వేషము మార్చిన సైన్యపు గుడ్డలను పోల్చుట సామాన్యముగాదు.

బట్టరంగు సైతము చరిత్రను చెప్పును. ఫ్రెంచి పదాతి అంగీ నీలము. ఆ నీలిమందు సముద్రముమీదనుండి రావలసినదే. బెంగాలునందు పండిన నీలి ఇంగ్లీషువారి ఓడలలోనిది. ఇంగ్లండుతో వైరమువలన నీలి కరవై 1806లో కొన్ని పటాలములకు తెల్లని అంగీలు కుట్టించిరి. యుద్ధమున తెలుపు రక్తమును దాచలేదు. మరుసటి సంవత్సరమే ఆ ప్రయత్నము మానిరి. ఇట్టి అంగీ ఒకటి దొరకినచో అది ఏ యేటిదో వేరుగా అడుగనక్కరలేదు.

శాసనములలో వ్రాసినది వేరు, భటుడు తొడిగినది వేరు అను సంగతి వస్తువులను చూచినవానికే తెలియును. వాద్యగాండ్ర దుస్తులు పటాలాధిపతి యిష్టము వచ్చినట్లుండెడివి. పండితులు శాసనములను నమ్మిరి. దెతాయ్ అంగీని నమ్మెను. అయినను అంగీ సైతము పూర్తిసాక్షి కాదు. అధికారుల దుస్తులు పెట్టెలలో భద్రముగా నిలిచెను. సామాన్యభటుడు తన అంగీని చినుగువరకు తొడిగెను. మిగిలినదానిని బట్టి గతమును ఊహించువారు మిగులనిదానిని మరచుట కలదు. దెతాయ్ చిత్రములలో అప్పుడప్పుడు భటులు మరీ శుభ్రముగా కనబడుటకు ఇదియును ఒక కారణమేమో! ఆయన కుంచెలో నువిల్‌కు గల ఆవేశము లేదనుటలో అన్యాయము లేదు. 1885 మొదలు 1889 వరకు వెలువడిన ‘ఫ్రెంచి సైన్యము’ అను గ్రంథమున మాత్రము ఆ నిదానమే గుణమైనది. జూల్ రిషార్ వచనముతో వచ్చిన ఆ గ్రంథపు చిత్రములను వేషపరిశోధకులు నేటికిని తిరుగవేయుదురు.

1888లో ఆయన ‘స్వప్నము’ను చిత్రించెను. వేకువజామున పొలములో భటులు నిద్రించుచుండగా మేఘములలో పూర్వవీరుల సేనలు జెండాలతో సాగిపోవుచుండును. ఓడిన జాతి ఆ చిత్రమును గుండెకు హత్తుకొన్నది. అది నేడు పారిస్‌లోని ఓర్సే ప్రదర్శనశాలలో నున్నది.

మరుసటియేట జరిగిన మహాప్రదర్శనములో యుద్ధశాఖవారు పాత సైనికవస్తువులను చూపగా ప్రజలు బారులు తీరిరి. ఆ యుత్సాహమునుండి ‘సాబ్రెతాష్’ అను సంఘము పుట్టెను. హుసారు ఆశ్వికులు కత్తిపట్టీకి వ్రేలాడదీయు చదునైన సంచికి ఆ పేరు. 1891లో మెయిసోనియే మరణింపగా సంఘభారము దెతాయ్‌పై పడెను. 1893 నుండి పత్రిక వెలువడెను. 1896లో ఇన్వాలీద్ భవనములలో సైనికచరిత్ర ప్రదర్శనశాల వెలసెను. 1905లో అది ఫిరంగిశాలతో కలసి సైనిక ప్రదర్శనశాల అయ్యెను. ఒక కళాకారుని వ్యసనము జాతీయసంస్థ యగుట చిన్న విషయము కాదు.

దెతాయ్ తుదిదినములలోని ముచ్చట విచిత్రమైనది. 1829 నుండి ఫ్రెంచి పదాతికి మంజిష్ఠవర్ణపు ఎఱ్ఱ లాగు నియతమై యుండెను. ఇంగ్లీషువారు మన దేశపు దుమ్మురంగు ఖాకీని, జర్మనులు బూడిదరంగును తొడిగినను ఫ్రాన్సు ఎఱ్ఱలాగును విడువలేదు. 1912లో యుద్ధశాఖ క్రొత్త వేషమును కల్పింపుమని పాతవేషములకు ప్రేమికుడగు దెతాయ్‌నే కోరెను. జార్జ్ స్కాట్ ఆయనకు తోడయ్యెను. నీలిబూడిదరంగు పైకోటును, పూర్వకాలపు నమూనాలో ఒక శిరస్త్రాణమును ఆయన నిర్మించి చూపెను. అరువదినాలుగేండ్ల ఆ వృద్ధుడు తాను జీవితమంతయు పూజించిన రంగులను తన చేతితో తగ్గించుట గమనింపదగినది. కాని ఎఱ్ఱలాగే ఫ్రాన్సు అని వాదించినవారు గెలిచిరి. ఆ నమూనా అంగీకరింపబడలేదు. అదే సంవత్సరము డిసెంబరు 23న దెతాయ్ మరణించెను. తన సేకరణమును సైనిక ప్రదర్శనశాలకు వ్రాసియిచ్చెను.

1914 జూలైలో ఎట్టకేలకు క్రొత్తబట్టకు చట్టము వచ్చెను. బట్ట నేయకముందే యుద్ధము వచ్చెను. ఆ ఆగస్టులో భటులు ఎఱ్ఱలాగులతోనే కదలిరి. 22వ తేదీ ఒక్కనాడే సుమారు 27,000 మంది ఫ్రెంచివారు మరణించిరి. ఆ మరణములన్నిటిని లాగుపై మోపుట తగదు. మరతుపాకులకు, ఫిరంగులకు ఎదురుగా బారులు తీర్చి నడిపించిన యుద్ధనీతి అంతకంటె పెద్ద నేరము చేసినది. ఇక క్రొత్తబట్టలో ఎరుపు, తెలుపు, నీలము నూళ్లు కలుపవలెనని నిర్ణయించియుండిరి. ఎఱ్ఱరంగు జర్మనీనుండి రావలసినదగుటచే దానిని విడిచి తెలుపు, నీలములతోనే నేసిరి. దిక్చక్రపు నీలమను పేరుతో 1915లో ఆ బట్టయు, దానితోపాటు ఇనుప శిరస్త్రాణమును భటులకు దక్కెను. ఎఱ్ఱలాగు ఇన్వాలీద్‌లోని అద్దపు బీరువాలకు చేరెను.