సంగ్రహణికి మందిచ్చిన సుబ్బారావు గారు

కోయిలకుంట్ల మందుల అంగట్లో నెలనెలా నేను కొనే వాటిలో పసుపుపచ్చని చిన్న మాత్ర ఒకటుంది, ఫోలిక్ ఆమ్లం. దాని వెనుక ఒక తెలుగింటి దుఃఖం ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల తేడాతో పొట్టన పెట్టుకుంది. ఆయనకూ సోకగా ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

ఈ జబ్బులో పేగు లోపలి పొర పాడవుతుంది. తిన్నది వంటబట్టదు, బేదులు ఆగవు, రక్తం తగ్గిపోతుంది. ఆ పొర కొద్ది రోజులకొకసారి కొత్తగా పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి; పేగు చెడితే అదీ సరిగా ఒంటికి చేరదు. జీతం ఆగినవాడికి అప్పూ పుట్టనట్టు!

1923లో అమెరికా చేరిన సుబ్బారావు గారు 1940లో లెడర్లీ సంస్థలోకి వెళ్లారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానితో ఎందరో స్ప్రూ రోగులు కోలుకున్నారు. అయితే బి12 లోపమున్నవారు ఇదొక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపించినా నరాలు దెబ్బతినవచ్చు. మన వయసువారు డాక్టరు గారిని అడిగే వాడాలి.

స్వదేశాన్ని మళ్లీ చూడకుండానే ఆయన 1948లో 53వ ఏట అమెరికాలో కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ ఆయన స్టాంపు విడుదల చేసింది.