అండమాన్ నుంచి లోక్‌సభకు: గాం మల్లుదొర

జనగామలో దొడ్డి కొమురయ్య పేరు తెలియనివాళ్లు ఉండరు. మహబూబాబాద్, భూపాలపల్లి ఆదివాసీ గూడేల్లో కుమ్రం భీంను తలుచుకుంటూనే ఉంటారు. అదే భూమి కోసం, అదే అడవి కోసం కొట్లాడినందుకు బ్రిటిష్ సర్కారు సముద్రం దాటించిన గాం మల్లుదొర పేరు మాత్రం మన సభల్లో అరుదుగా వినిపిస్తుంది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు అని ఒక్క ముక్కలో ఆయన కథ ముగిసిపోతోంది.

మల్లుదొర గూడెం కొండల మనిషి. ఆయన అన్న గాం గంటందొర బట్టిపనుకుల మునసబు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవిని సర్కారు ఆస్తి చేసింది. పోడు కొట్టినా, పశువులు మేపినా, కట్టె తెచ్చినా నేరమే. దానికి తోడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి కొండల మీదికి వేయించిన రోడ్డు పనిలో ఆదివాసీలను చాలీచాలని కూలికి గొడ్ల మాదిరి పని చేయించాడు. ఎదురు నిలిచిన గంటందొర మునసబు పదవి పోగొట్టుకున్నాడు. గాం అన్నదమ్ములు తిరుగుబాటులోకి వెళ్లడానికి ముందు నడిచిన కథ ఇది. రాజు వచ్చేనాటికే ఆ కొండల్లో నిప్పు ఉంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు ఆదివాసీల చేతికి వచ్చాయి. అణచడానికి సర్కారు మలబార్ స్పెషల్ పోలీసును, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను దించింది. 1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డారు. మరుసటి ఏడాది మేలో రాజును, జూన్‌లో గంటందొరను కాల్చి చంపారు. మల్లుదొరకు మొదట ఉరిశిక్ష పడింది. తర్వాత దాన్ని యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మార్చి అండమాన్‌కు పంపారు.

ఈ శిక్ష బ్రిటిష్ వాళ్లకు కొత్త కాదు. 1788 నుంచి 1868 దాకా తమ దేశంలోని పేదలను, చిన్న దొంగతనాలు చేసినవాళ్లను కూడా, లక్షా యాభై వేలకు పైగా మందిని ఆస్ట్రేలియాకు తరలించారు. 1857 తిరుగుబాటు తర్వాత ఇక్కడివాళ్ల కోసం 1858లో అండమాన్‌ను తెరిచారు. హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి చేసిన మౌల్వీ అలాఉద్దీన్‌ను కూడా అక్కడికే పంపారు. మనిషిని చంపకుండానే అతని ఊరికి, భాషకు, నేలకు అతన్ని లేకుండా చేయడమే ఈ శిక్ష పని. కొండే బతుకైన ఆదివాసీకి అది ఎంత దూరమో వేరే చెప్పక్కర్లేదు.

ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి మల్లుదొర తిరిగి వచ్చారు. 1952లో దేశం మొదటిసారి వయోజన ఓటు హక్కుతో ఓటేసింది. విశాఖపట్నం అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక స్థానంలో లంకా సుందరం, మరో స్థానంలో మల్లుదొర స్వతంత్రులుగా గెలిచారు. ఒకనాడు ఉరికి, ఆ తర్వాత కాలాపానీకి పాత్రుడని కోర్టు తేల్చిన మనిషి మొదటి లోక్‌సభలో సభ్యుడయ్యారు. షెడ్యూల్డ్ తెగలకు చట్టసభల్లో స్థానాలు ఉండాలని అంబేడ్కర్ సారథ్యంలో రాసుకున్న రాజ్యాంగం చేయగలిగిన పని ఇది.

అయినా రంప తిరుగుబాటు అనగానే ఒక్క బొమ్మే కళ్ల ముందు నిలుస్తుంది. విల్లు పట్టినవాళ్లు, ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు, ద్వీపానికి వెళ్లినవాళ్లు ఆ బొమ్మ వెనక నీడలయ్యారు. రాజు త్యాగాన్ని తగ్గించాలని కాదు. ఆదివాసీలు నాయకుడి కోసం ఎదురుచూసిన గుంపు కాదని, తమ కారణాలు తమకు ఉన్న మనుషులని చెప్పుకోవాలి.

అడవిలో బతికేవాళ్లకు చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టమే ఒప్పుకుంది. అయినా పోడు చేసుకునేవాళ్ల మీద కేసులు ఆగలేదు. మహబూబాబాద్‌లోనో భూపాలపల్లిలోనో అలాంటి కేసు నెత్తిన పెట్టుకుని కోర్టు మెట్లెక్కే ఆదివాసీ, సర్కారు కాగితంలో నేరస్తుడు. మల్లుదొర కూడా ఒకప్పుడు అంతే.